బండి మలిపే జాగ



బండి మలపడం గురించి నాలుగు మాటలు చెబుతాను. ముందర తొవ్వ మూసుకుపోతుంది, లేదా తప్పు బాట పడతాం. వెనక్కి తిరగాలి. పట్నంలో అయితే ముందు చౌరస్తా దాకా పోయి తిరిగి వస్తాం. నాగల్‌గిద్ద మండలంలో ఒక తండాకు పోయే బాట మీద చౌరస్తా ఎక్కడిది? ఇటు పక్క మోరీ, అటు పక్క కంది చేను, చేను అంచున గోడ లేని బావి. డ్రైవింగులో ఇంత నెమ్మదిగా చేసే పని ఇంకొకటి లేదు. మనిషి నడక కంటే తక్కువ వేగం. అయినా ఈ పనిలోనే ప్రాణాలు పోతున్నాయి.

నాగల్‌గిద్ద సంగారెడ్డి జిల్లాకు పడమటి కొస. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మండలమైంది, అంతకు ముందు మనూరు మండలంలో ఒక ఊరు. పొలిమేర దాటితే కర్ణాటక, బీదరు జిల్లా. అసలు 1956లో రాష్ట్రాలను విడదీసి కలిపేదాకా నారాయణఖేడ్ తాలూకా మొత్తం బీదరు జిల్లాలోదే. తాలూకాను తెచ్చి మెదక్‌లో కలిపారు గానీ చుట్టరికాలనూ బేరాలనూ దవాఖానా అలవాటునూ ఎవరు కలపగలరు? జనం ఇప్పటికీ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. పెద్ద రోడ్డున పోతే చుట్టు. అందుకని అడ్డంగా పోయే సన్న బాటలు పడతారు. ఆ బాటల మీదికి ఈమధ్య కొత్తవాళ్లు కూడా వస్తున్నారు, ఫోనులో మ్యాపు చూపిందని. దగ్గరి దారి ఏదో మ్యాపుకు తెలుసు. నిన్నటి వానకు ఆ దారి ఎలా తయారైందో దానికి తెలియదు.

ఇక లెక్కకు వద్దాం. లెక్కేమిటంటారా? బండి మలపడంలో చేతివాటం కంటే ముందు లెక్క ఉంది. మన పల్లె రోడ్లకు ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసే తారు వెడల్పు మామూలుగా 3.75 మీటర్లు. బండ్ల రాకపోకలు మరీ తక్కువ ఉన్నచోట 3 మీటర్లే. తారుకు రెండు పక్కలా మట్టి భుజాలు కలుపుకుంటే కాగితం మీద ఆరు నుంచి ఏడున్నర మీటర్లు. చిన్న కారు స్టీరింగు మొత్తం తిప్పి గుండ్రంగా చుట్టు కొట్టాలంటే తొమ్మిది, పది మీటర్ల జాగ కావాలి. అంటే ఒక్క చుట్టులో తిరగడం ముందే కొట్టివేత. మన దేశంలో చాలా కార్లు నాలుగు మీటర్లకు కాస్త తక్కువ పొడవుంటాయి, పన్ను రాయితీ కోసం అలా కుదించారు. అంత కుదించిన కారును కూడా 3.75 మీటర్ల తారు మీద అడ్డంగా నిలబెడితే మూతో తోకో బయటికి పోతుంది. లోపల ఉండేది చక్రాలు మాత్రమే. ముందు చక్రానికీ వెనక చక్రానికీ నడుమ సుమారు రెండున్నర మీటర్లు. రోడ్డులో మిగిలింది మీటరు పావు. ముందుకూ వెనక్కూ బండి ఆడగలిగేది ఆ మీటరు పావులోనే. మూడు మీటర్ల రోడ్డయితే అరమీటరు.

అందుకే ఇలాంటి చోట ముందుకో మాటు, వెనక్కో మాటు, మళ్లీ ముందుకో మాటు, అంతే అనుకుని దిగేవాడు నడుమ ఇరుక్కుంటాడు. పది పదిహేను మాట్లు పట్టవచ్చు. పట్టనీ. పక్కవాడు నవ్వుతాడేమోనని ఒక్క మాటు తగ్గించబోయి చక్రం అంచు దాటించినవాళ్లు ఎందరో.

అసలు సూత్రం ఒకటుంది. ఘాట్ రోడ్ల మీద లారీలు నడిపేవాళ్లు దీన్ని మాటల్లో చెప్పరు గానీ చేతల్లో తప్పరు. అపాయం ఏ పక్క ఉందో ఆ పక్కకు బండి మూతి పెట్టాలి. క్షేమం ఉన్న పక్కకు తోక పెట్టాలి. కొత్తవాళ్లకు ఇది తలకిందులుగా తోస్తుంది. లోయ కనబడితే భయం కదా, వీపు అటు పెట్టి మొహం గుట్ట వైపు తిప్పుకుంటే ధైర్యంగా ఉంటుంది. కానీ బండికి కళ్లు ముందే ఉన్నాయి. బావి మీ కంటి ముందు ఉంటే ఇంకా ఎంత దూరమో మీకు తెలుస్తుంది. బావి వెనక ఉంటే అద్దంలో కనిపించే ఆకాశాన్ని నమ్ముకోవాలి. రివర్సులో తోక మట్టిగోడకో కంచెకో తగిలితే పోయేది రంగు. వెనక చక్రం బావి అంచు దాటితే పోయేది అది కాదు.

అయితే మూతి అటు పెట్టారని అంచుదాకా పోకూడదు. డ్రైవరు సీట్లో కూర్చుంటే బానెట్టు అవతల నేల కొంత దూరం అసలు కనబడదు. బొలెరో లాంటి ఎత్తయిన బండిలో ఇంకా ఎక్కువ. ఏ చేను గట్టు మీద రాయో, గడ్డి దుబ్బో గుర్తు పెట్టుకుని, అది బానెట్టు కింద మాయం కాకముందే ఆగాలి.

రెండో సంగతి వాలు. రోడ్డుకు నడుమ ఎత్తు, పక్కలకు వాలు ఉంటుంది, వాన నీళ్లు జారిపోవడానికి. నిలువుగా పోయేటప్పుడు ఆ వాలు మీకు తెలియదు. అడ్డంగా నిలబడ్డాక తెలుస్తుంది. ముందు చక్రాలు ఒక పక్క అంచుకు చేరాయంటే బండి దానంతట అదే ఆ అంచు వైపు జారాలని చూస్తుంది. సరిగ్గా అప్పుడే మీరు బ్రేకు మీది కాలు తీసి యాక్సిలరేటరు మీద పెట్టాలి. ఆ క్షణంలో బండి జానెడు జారుతుంది, మన దగ్గర ఉన్నది కూడా ఎన్నో జానలు కాదు. అందుకని ప్రతి మాటుకూ హ్యాండ్‌బ్రేకు లాగాల్సిందే. గేరు వేసి, క్లచ్చు కాస్త పట్టి, బండి ముక్కు లేచినట్టు అనిపించాక హ్యాండ్‌బ్రేకు వదలాలి. చేయి నొస్తుంది. నొవ్వనీయండి.

మూడోది స్టీరింగు. మన డ్రైవర్లు కటింగ్ కొట్టు అంటారు. ఫుల్ కటింగ్ కొట్టడం అందరికీ వచ్చు, ఎప్పుడు కొట్టాలో కొందరికే తెలుసు. బండి ఆగబోయే చివరి అడుగులోనే స్టీరింగును ఎదురు పక్కకు తిప్పేసి పెట్టుకోవాలి. అప్పుడు తర్వాతి మాటు మొదటి అంగుళం నుంచే పనికి వస్తుంది. ఆగిపోయాక, కదిలాక, సగం దూరం పోయాక తిప్పితే ఆ మాటు దండగ. మీటరు పావు జాగలో దండగ చేయడానికి ఏముంది?

నల్లరేగడి గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే నారాయణఖేడ్ ప్రాంతపు సగం ప్రమాదం ఆ మట్టిలోనే ఉంది. వేసవిలో అది రాయిలా ఉంటుంది, పగుళ్లు పడుతుంది. వాన పడితే నీళ్లు తాగి ఉబ్బి మెత్తబడుతుంది. రోడ్డు పక్కన మట్టి భుజం చూడడానికి గట్టిగానే ఉంటుంది, పైన గడ్డి కూడా మొలిచి ఉంటుంది. చక్రం పడ్డాక దిగడం మొదలవుతుంది. కాగితం మీది ఏడున్నర మీటర్లు వానాకాలంలో మళ్లీ 3.75 మీటర్లే అని లెక్క పెట్టుకోండి. దిగి కాలితో తొక్కి చూడండి. మడమ దిగితే చక్రమూ దిగుతుంది.

సాయం చెప్పే మనిషి ఒకరు ఉండాలి. ఒకరే ఉండాలి. మన దగ్గర బండి ఇరుక్కుంటే పది మంది చేరతారు, పది మందీ చెబుతారు. అందులోనూ ఇది సరిహద్దు. ఒకడు ఆగు అంటాడు, ఒకడు నిల్లు అంటాడు, ఇంకొకడు థాంబ్ అంటాడు, మరొకడు ఠైరో అంటాడు. తండా మనిషి లంబాడీలో ఇంకేదో కేకవేస్తాడు. ఇంజను చప్పుడులో డ్రైవరుకు వినబడేది గోల ఒక్కటే. పాత లారీ క్లీనర్లది మంచి పద్ధతి. అరచేత్తో బండి పక్క పలక (డాలా) మీద గట్టిగా చరుస్తారు. ముందే మాట అనుకోవాలి, చరుపు వినబడితే ఆగిపోవడమే, ఎవరు చరిచారు, ఎందుకు చరిచారు అని అడగకూడదు. ఆ మనిషి నిలబడాల్సింది డ్రైవరు అద్దంలో కనబడే చోట, బండికి ఓరగా. బండికీ బావికీ నడుమ నిలబడి రానీ రానీ అనేవాణ్ణి చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. అతను అద్దంలోంచి మాయమైతే బండి ఆగిపోవాలి. పిల్లలు ఎవరి ఇంటివాళ్లయినా సరే, వాళ్లను పక్కకు పిలిచి ఎవరో ఒకరు చేయి పట్టుకున్నాకే రివర్సు గేరు.

2019 జులై నుంచి తయారయ్యే కొత్త కార్లకు వెనక పార్కింగు సెన్సర్లు తప్పనిసరి చేశారు. మంచిదే. అవి వెనక గోడ ఉందనీ, బండి ఉందనీ కూతపెడతాయి. బావి ఉందని కూయవు. ఏదైనా వస్తువు అడ్డుంటే దానికి తగిలి తిరిగి వచ్చే శబ్దాన్ని పట్టుకుని అవి పనిచేస్తాయి. లోయలో తగలడానికి ఏముంది? సెన్సరు నిశ్శబ్దంగా ఉందంటే వెనక అంతా బాగుందని కాదు.

2024 జూన్‌లో మహారాష్ట్రలో, ఛత్రపతి శంభాజీనగర్ (పాత పేరు ఔరంగాబాదు) దగ్గర సులిభంజన్ దత్త మందిరం గుట్ట మీద ఒక ఇరవై మూడేళ్ల అమ్మాయి కారు రివర్సు చేస్తుండగా స్నేహితుడు ఫోనులో వీడియో తీస్తున్నాడు. బ్రేకు అనుకుని యాక్సిలరేటరు నొక్కింది. కారు వెనక్కి వెనక్కి పోయి అంచు దాటి లోయలో పడింది. ఆ వీడియోను దేశమంతా చూసింది. నేను ఆ అమ్మాయిని ఏమీ అనను. డ్రైవింగు అప్పుడే నేర్చుకుంటున్న మనిషికి ఆ జాగ ఇచ్చినవాళ్లు, వద్దనకుండా వీడియో తీసినవాళ్లు ఆలోచించుకోవాలి. నేర్చుకునేవాడి వెనక మైదానం ఉండాలి, లోయ కాదు. కంగారులో కాలు తప్పడం మనిషి నైజం, ఆ తప్పుకు చోటు ఉండేలా బండిని నిలబెట్టడం పెద్దల పని.

ఇక ట్రాక్టరు. నాగల్‌గిద్దలో, కరస్‌గుత్తిలో, ఈ చుట్టుపక్కల ఏ ఊరిలో చూసినా కార్ల కంటే ఇదే పెద్ద విషయం. ట్రాక్టరుకు కుడికాలి దగ్గర రెండు బ్రేకు పెడళ్లుంటాయి. ఒకటి కుడి వెనక చక్రానికి, ఒకటి ఎడమ వెనక చక్రానికి. దున్నేటప్పుడు సాలు చివర ఒక పక్క బ్రేకు తొక్కితే ఆ చక్రం ఆగి, బండి అక్కడికక్కడే తిరుగుతుంది. ఇంత చిన్న జాగలో తిరిగే గుణం ఏ కారుకూ లేదు. కానీ రోడ్డెక్కే ముందు ఆ రెండు పెడళ్లనూ కలిపే కొక్కెం వేయాలి. చేలోంచి రోడ్డు మీదికి వచ్చి కొక్కెం మరిచిపోయిన ట్రాక్టరు, వెనక నిండు ట్రాలీ, అకస్మాత్తుగా బ్రేకు... ఒక్క చక్రమే ఆగుతుంది. బండి గిర్రున తిరిగి పక్కకు పడుతుంది. ఖాళీ ట్రాక్టరును మలిపినట్టు నిండు ట్రాలీతో ఒంటి బ్రేకు తొక్కి మలపకూడదు.

ట్రాలీ రివర్సు మరో విద్య. రెండు చక్రాల ట్రాలీ వెనక ఉన్నప్పుడు స్టీరింగు ఎడమకు తిప్పితే ట్రాలీ తోక కుడికి పోతుంది. కాస్త ఎక్కువ తిప్పారంటే ట్రాలీ మడతపడి ట్రాక్టరు చక్రాన్ని గుద్దుతుంది. ముందు ఇరుసు తిరిగే నాలుగు చక్రాల ట్రాలీ అయితే రెండు చోట్ల మడతపడుతుంది. ఇక చెరకు కాలంలో ఒక ట్రాక్టరు వెనక రెండు ట్రాలీలు కట్టి తోలేవాళ్లున్నారే, వాళ్లకు నా మాట ఒక్కటే. ఆ బండికి రివర్సు లేదు అనుకోండి. గేరు పెట్టెలో ఉంటుంది, రోడ్డు మీద ఉండదు. చేలోకి పోయే ముందే, ఎటు నుంచి దిగి ఎటు నుంచి బయటికి వస్తామో నడిచి చూసుకుని రావాలి. ఇరుక్కుంటే ట్రాలీ విప్పి, ట్రాక్టరును మలిపి, మనుషులు మోకు పట్టుకుని ట్రాలీని తిప్పడమే మార్గం. గంట పోతుంది. ఎద్దుల బండి కాలంలో మన తాతలు చేసిందీ అదే. ఇరుకులో పడితే ఎడ్లను విప్పి కాడి పక్కన పెట్టి, బండిని నొగ పట్టుకుని చేతులతో తిప్పేవాళ్లు. ఎడ్లతో రివర్సు కొట్టించాలని ఎవరూ అనుకోలేదు. ఇంజను వచ్చాక ఆ ఓపిక పోయింది.

ఇంకో మాట. మోరీలో వెనక చక్రాలు పడ్డ ట్రాక్టరును ముందుకు ఎక్కించాలని గట్టిగా రేసు ఇవ్వొద్దు. వెనక చక్రాలు మట్టిలో పట్టుకుపోతే ఇంజను బలం ముందు భాగాన్ని పైకి లేపుతుంది. మూతి లేచి వెనక్కి బోర్లా పడడానికి సెకను చాలు. డ్రైవరు దూకేంత సమయం ఉండదు. ట్రాలీ విప్పండి, ఇంకో ట్రాక్టరును పిలవండి.

మనుషులను ట్రాలీలో కూర్చోబెట్టుకుని బండి మలపడం, వెనక్కి తీయడం నేరం అని నేనంటాను, చట్టంలో ఏ మాట ఉన్నా సరే. 2025 ఏప్రిల్ 4న నాందేడ్ జిల్లా ఆలేగావ్ దగ్గర కూలికి పోతున్న ఆడవాళ్ల ట్రాక్టరు బురదలో జారి బావిలో పడింది. ఏడుగురు ఆడవాళ్లు పోయారు. నాందేడ్ మనకు దూరం కాదు, సంగారెడ్డి నుంచి నాందేడ్‌కు పోయే జాతీయ రహదారి మన నారాయణఖేడ్ పక్క నుంచే పోతుంది. అంతకు ముందు, 2021 డిసెంబరు 1న మన సిద్దిపేట జిల్లా దుబ్బాక మండలం చిట్టాపూర్ దగ్గర కారు రోడ్డు పక్క వ్యవసాయ బావిలో పడి తల్లీ కొడుకూ చనిపోయారు. వాళ్లను వెతకడానికి బావిలో దిగిన గజ ఈతగాడు కూడా పైకి రాలేదు. ఆ కారు మలుపుతున్నదేమీ కాదు, అదుపు తప్పింది. కానీ రెండుచోట్లా మనుషులను మింగింది ఒకటే, చక్రానికి అడ్డుపడే గోడ లేని బావి. దిగండి అంటే కూలివాళ్లు దిగుతారు. రెండు నిమిషాలు నడుస్తారు. బండి మలిపాక మళ్లీ ఎక్కుతారు. అంతకంటే ఖర్చు ఏమీ లేదు.

అసలు మలపక తప్పదా అని ఒకసారి అడగాలి. చాలాసార్లు తప్పుతుంది. వంద గజాలు వెనక చేలోకి దిగే రాస్తా ఉంటే, అక్కడిదాకా నెమ్మదిగా రివర్సులో పోయి తోక అందులోకి దూర్చి మూతి బయటికి తీసుకోవడం, ఇరుకులో పదిహేను మాట్లు ఆడడం కంటే మేలు. లైసెన్సు పరీక్షలో దీన్నే పెట్టారు. మోటారు వాహనాల కేంద్ర నియమాల ప్రకారం అభ్యర్థి బండిని వెనక్కి నడిపి, కుడికో ఎడమకో ఉన్న ఇరుకు సందులోకి అదుపు తప్పకుండా దూర్చి చూపాలి. ఎంతమంది నిజంగా చూపించి లైసెన్సు తీసుకున్నారో శ్రోతలకే వదిలేస్తాను. 2017 దాకా అమలులో ఉన్న 1989 నాటి రోడ్డు నియమావళిలో ఇంకో మాట ఉండేది. ఎవరికీ ప్రమాదం లేదని నిర్ధారించుకోకుండా బండిని వెనక్కి నడపరాదు, నడిపినా బండి మలుపుకోవడానికి ఎంత కావాలో అంతకు మించి నడపరాదు. ఒక్క రోడ్డు రోలరుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. పాపం, దాని బతుకే వెనక్కీ ముందుకీ కదా. గుట్ట బాట మీద ఇద్దరు ఎదురుపడితే ఎక్కేవాడికి దారి, దిగేవాడు ఆగాలి అన్నదీ అందులోదే. ఎవరు వెనక్కి పోవాలన్న పంచాయితీ అక్కడితో తెగుతుంది.

చీకట్లో అయితే నా సలహా ఇంకా గట్టిది. మలపొద్దు. ఆ తండాలోనే బండి పెట్టి పొద్దున మలుపుకోండి. రాత్రి ఒకరింట్లో పడుకోనివ్వని తండా నేను చూడలేదు.

అంబులెన్సుకు మాత్రం పొద్దున దాకా ఆగే వీలు లేదు. 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. ఫోను చేసినవాళ్లకు బండి ఎప్పుడు వస్తుందన్నదే ఆత్రం. వచ్చాక ఎటు తిరుగుతుందన్నది ఎవరూ చూడరు. మనిషిని ఎక్కించాక, చుట్టూ ఏడుపులు, డ్రైవరు మీద అరుపులు, ఆ హడావుడిలో బండి మలపడం కంటే చెడ్డ సమయం లేదు. ఫోను పెట్టగానే ఇద్దరు పిల్లగాళ్లు టార్చిలు పట్టుకుని బాట మొగదలకు పోవాలి. ఇంటి ముందుదాకా రమ్మనకుండా, తిరిగే జాగలో ఆపి, మూతి రోడ్డు వైపు పెట్టించి, మంచం మీద మనిషిని అక్కడికి మోసుకుపోవాలి. వంద అడుగులు మోస్తే పది నిమిషాలు మిగులుతాయి.

ఇదంతా డ్రైవర్లకు చెప్పిన మాట. ఇప్పుడు ఊరివాళ్లకు. 2018లో వచ్చిన పంచాయతీరాజ్ చట్టంతో మన తండాలు చాలావరకు సొంత పంచాయతీలయ్యాయి. సర్పంచి మీవాడు, తీర్మానం మీది. తండాకు రోడ్డు వచ్చేటప్పుడు అంచనా కాగితంలో పొడవు చూస్తారు, తారు మందం చూస్తారు, రోడ్డు చివర ఏముందో చూడరు. రోడ్డు ఆఖరి ఇంటి గోడ దగ్గర టక్కున ఆగిపోతుంది. అక్కడ ట్రాక్టరూ ట్రాలీ తిరిగేంత, అంబులెన్సు తోక దూర్చేంత జాగను మొరం పోసి గట్టి చేయించండి. ఎవరి చేను నుంచి కొంచెం పోతుందో వాళ్లతో ముందే మాట్లాడుకోండి. బాట పక్క బావి ఉన్న రైతన్నా, గోడ కట్టే డబ్బు ఇప్పుడు లేకపోతే మోకాలెత్తు బండరాళ్లు వరసగా పాతి సున్నం కొట్టు. చక్రం రాయికి తగిలి ఆగుతుంది, రాత్రి లైటు వెలుగులో తెల్లగా కనబడుతుంది. వచ్చే గ్రామసభలో ఈ రెండు సంగతులూ అడగండి, రాయించండి.